కళ్ళెం ఎవరికి?

కఠోపనిషత్తు మొదటి అధ్యాయం మూడో వల్లిలో శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి తిరిగే దారులు. సారథికి వివేకముంటే అవి మంచి గుర్రాలు, లేకుంటే దుష్టాశ్వాలు. ఎటు చూసినా ఈ పోలికలో అదుపు చేయాల్సింది గుర్రాన్నే. అయితే రథంలో కూర్చున్నవాడికి గుర్రం కాస్త ఎడంగా ఉంటుంది, జీను మీద ఉన్నవాడికి ఆ ఎడం లేదు. అక్కడికి వచ్చేసరికి నిగ్రహమంటే ఏమిటో మళ్ళీ ఆలోచించుకోవాల్సి వస్తుంది. నడివయసులో స్వారీ నేర్చుకోబోయే మగవాడిలో ఈ సంగతి బాగా తెలుస్తుంది.

పిల్లలు పడతామన్న ఊహ లేకుండా గుర్రమెక్కుతారు. నలభై ఏళ్ళవాడు ఎముక విరిగితే ఎన్నాళ్ళు సెలవు పెట్టాలో లెక్క వేసుకుని మరీ ఎక్కుతాడు. ఏళ్ళ తరబడి కుర్చీలో బిగుసుకుపోయిన నడుము ఒకటి, ఇంటా బయటా తన మాటే చెల్లాలనుకునే మనసు మరొకటి. తొలి పాఠాల్లో శిక్షకుడు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతాడు. చాలాచోట్ల అప్పుడు పగ్గాలు శిష్యుడి చేతికివ్వరు. పెద్దమనిషికి ఇది చిన్నతనంగా తోచవచ్చు. కానీ పగ్గం దొరికితే కొత్తవాడు దాన్నే ఊతగా పట్టుకుని వేలాడతాడు, ఆ బరువంతా గుర్రం నోటి మీద పడుతుంది.

నడక సాగినంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. ట్రాట్, అంటే ఎగిరెగిరి పడే దుడుకు నడక, మొదలైందంటే గుర్రం వీపు అడుగడుగునా మనిషిని ఎగరేస్తుంది. మోకాళ్ళు బిగుస్తాయి, మడమలు పైకి లేస్తాయి, ఊపిరి నిలిచిపోతుంది. కాళ్ళతో నొక్కడమంటే గుర్రానికి ముందుకు పొమ్మని చెప్పడమే. ఆగితే బాగుండునని రౌతు బిగుసుకుంటాడు, అది ఇంకాస్త వేగం పెంచుతుంది. ఈగ వాలినచోట చర్మాన్ని మాత్రమే జలదరింపజేసి తోలుకోగల జంతువది. వేటకు గురయ్యే జాతి కనుక పారిపోవడమే దాని ప్రధాన రక్షణ. పైనున్నవాడు ఎంత గంభీరంగా ముఖం పెట్టినా అతని బెదురు దానికి చేరిపోతుంది.

ఇక్కడ ఉపనిషత్తు పోలిక తలకిందులవుతుంది. స్వారీ బడిలో తర్ఫీదు పొందినది గుర్రం, పొందనివాడు పైన కూర్చున్నవాడు. దుష్టాశ్వాలు ఉన్నాయంటే అవి జీనుకు పైభాగానే ఉన్నాయి. బౌద్ధం ఈ మాటను సూటిగానే అంది. బుద్ధుడి బిరుదుల్లో ఒకటి పురుషదమ్య సారథి, అంటే దారికి తేవలసిన మనుషులకు సారథి. అంగుత్తర నికాయలో కేశి అనే అశ్వశిక్షకుడు బుద్ధుడి దగ్గరికి వస్తాడు. గుర్రాలను మెత్తగా, కటువుగా, రెండూ కలిపి నేర్పుతాననీ, ఎలా చెప్పినా లొంగనిదాన్ని చంపేస్తాననీ అంటాడు. బుద్ధుడు తన పద్ధతీ అదేనంటాడు. ప్రాణం తీయని బుద్ధుడు చంపడమేమిటని కేశి విస్తుపోతాడు. ఇతడికి ఇక చెప్పి లాభం లేదని గురువూ తోటివారూ వదిలేయడమే ఆ చంపడమని తేలుతుంది. స్వారీ నేర్పేవాడు ఇంకా గద్దిస్తున్నాడంటే శిష్యుడి మీద ఆశ ఉన్నట్టే.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుందని తెలుగు సామెత. మాట నిజమే, కాకపోతే దాన్ని కొరడాకు అనుమతిగా చదువుకోవడం పొరపాటు. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు సైనికుడు జెనోఫన్ తన అశ్వవిద్యా గ్రంథంలో, బలవంతాన చేయించిన పని గుర్రానికి అర్థం కాదనీ, నర్తకుడిని కొట్టి ఆడిస్తే ఎంత అందమో అదీ అంతేననీ వివరించాడు. ఈనాటి శిక్షకులు కూడా గుర్రం మాట విన్న క్షణానే ఒత్తిడి తీసేయమంటారు. తాను చేసింది సరైనదని దానికి తెలిసేది ఆ వదలడంలోనే. మనసును పట్టలేమన్న అర్జునుడికి గీత ఆరో అధ్యాయం అభ్యాసం, వైరాగ్యం రెండూ చెప్పింది. కొత్త రౌతుకు మొదటిది త్వరగానే వంటబడుతుంది. వదలడమే ఎన్నాళ్ళకూ రాదు.

అసలు మరో ప్రాణి వీపెక్కే హక్కు మనిషికెక్కడిదన్నది వేరే ప్రశ్న. అహింసను నిష్ఠగా పాటించేవారికి దీనికి తృప్తికరమైన జవాబు దొరకదు. ఆచరణలో మాత్రం జీనుతో కలిపి రౌతు బరువు గుర్రం బరువులో 20 శాతం మించకూడదన్న లెక్క ప్రచారంలో ఉంది. 450 కిలోల గుర్రానికి అది 90 కిలోలు. బొజ్జ పెరిగిన మగవాడు అహింసను ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

పెద్దయ్యాక గుర్రాల విద్య కోరినవారిలో మహాభారత నలోపాఖ్యానంలోని అయోధ్యరాజు ఋతుపర్ణుడు ఒకడు. తన సారథి బాహుకుడికి పాచికల మర్మమైన అక్షహృదయం నేర్పి, బదులుగా గుర్రాల మర్మమైన అశ్వహృదయం అడిగాడు. విద్య పేరులోనే ఉన్నది హృదయం, కళ్ళెం కాదు. రాజు దాన్ని వెంటనే తీసుకోక, కొన్నాళ్ళు బాహుకుడి దగ్గరే దాచమన్నాడు. బాహుకుడే నలుడని తెలిశాక తన బాకీ అందుకుని, మరో సారథిని పెట్టుకుని అయోధ్యకు వెళ్ళిపోయాడు.