రాళ్ళనేల ద్రాక్షారసం



ఫ్రాన్సు దేశపు దక్షిణాన, రోన్ నది లోయలో 'కోట్ దు రోన్' అనే ఎర్రని ద్రాక్షారసం తయారవుతుంది. 1309 తర్వాత ఏడుగురు జగద్గురువులు నివసించిన అవిన్యోను పట్టణం ఆ ప్రాంతంలోనిదే. ఇది ధనవంతుల విందులకే పరిమితమైనది కాదు, సామాన్యుల భోజనపు బల్లమీదిది. అయినా ఆ నేల గుణం అందులో ఉంటుంది. అక్కడి అనేక తోటల్లో మట్టికంటె గులకరాళ్ళే ఎక్కువ కనబడతాయి. పగటి ఎండను ఆ రాళ్ళు దాచుకొని, రాత్రి ద్రాక్షతీగలకు వెచ్చదనమిస్తాయి. 'మిస్ట్రాల్' అనే ఉత్తరపు గాలి కొమ్మలను విరిచినా, తడిని ఆర్పి తెగుళ్ళను తరుముతుంది.

సహోదరీ సహోదరులారా, మీ ఇల్లు రాళ్ళనేల అని దిగులుపడుతున్నారా? అప్పులు, జబ్బులు, పంటనష్టం నిజమే. కాని ఆ బాధ మరవడానికి తండ్రి మద్యం సీసా పట్టుకుంటే, పిల్లలకు మిగిలేది చలి మాత్రమే.

పీఠముమీది ద్రాక్షారసానికి శ్రీసభ ఖరీదు చూడదు. అది ద్రాక్షపండ్లనుండి వచ్చినదై, చెడిపోనిదై ఉంటే చాలు. మన కష్టాలనూ చెడిపోనివ్వక ప్రభువుకు అర్పిద్దాం. ఆదివారం దివ్యబలిపూజలో పొందిన వెచ్చదనాన్ని దాచుకొని, ఇంటిలో చీకటి కమ్మిన రాత్రి మన బిడ్డలకు అందిద్దాం.