ఊకనే

నల్లగొండ
2025 జూలై 7, సోమవారం

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

నిన్న మా దగ్గర రెండు పండుగలు ఒక్కనాడే పడ్డయి. ఇటు తొలి ఏకాదశి, అటు పీర్ల పండుగ. పొద్దున మీ పెద్దమ్మ పేలాలు, బెల్లం కలిపి దంచింది. ఆ పిండి ఇంత నోట్లె ఏసుకొని నేను మన ఊరికి పోయి పీర్లను చూసొచ్చిన. ఒంటికి పసుపు రంగు పూసుకొని, నల్ల చారలు గీయించుకొని ఒక పిల్లగాడు పులివేషం కట్టిండు. వాడు డప్పుకు ఎగురుతుంటే ఊర్ల పిల్లలంత గాండ్రించుకుంట వెంట పడ్డరు. 'అయ్యో, మా పోరడు పులి అయిపోయిండు' అని ఒక్క తల్లి కూడ ఏడవలే. పొద్దుగూకినంక అందరు కాళ్లు కడుక్కొని బువ్వ తిన్నరు.

రాత్రి ఇంటికొచ్చి ఫోన్ చూస్తే మన కుటుంబం గ్రూపుల నువ్వు పంపిన ముచ్చట ఉన్నది. టెక్సాస్ బడులల్ల కొందరు పిల్లలు 'మేము పిల్లులం' అంటున్నరట. వాళ్ల కోసం బాత్రూములల్ల పిల్లి మట్టి డబ్బాలు, అంటే పిల్లులు ఒకటికి, రెంటికి పోయే డబ్బాలు, పెడుతున్నరట. కింద నువ్వు ఇంకో మాట రాసినవు. మావాడు కూడ వారం నుంచి పిల్లి చెవుల టోపీ పెట్టుకొని మియావ్ అంటున్నడు, నాకు నిద్ర పడ్తలేదు, వాపస్ వచ్చేద్దామా అనిపిస్తున్నది అని. పది నిమిషాలల్ల గ్రూపు నిండిపోయింది. మీ మేనమామ కలికాలం అన్నడు. మీ చిన్నత్త టోపీ దాచిపెట్టు అన్నది. వాపస్ రా అన్నోళ్లు ముగ్గురు. వాణ్ణి అడిగినవా అని మాత్రం ఎవ్వరు అడుగలే.

నిన్ను ఎగతాళి చేసేటందుకు ఈ ఉత్తరం రాస్తలేను బిడ్డా. నీ భయం నాకు తెలుసు. ఆ భయంతోటి నేను చేసిన పని ఒకటి ఉన్నది, అది చెప్పుదామనే రాస్తున్న. దానికన్న ముందు ఇంకో పాత ముచ్చట చెప్త.

నలభై ఏండ్ల కింద దేవరకొండ దిక్కు ఒక బడిల పని చేస్తుంటి. ఆరో తరగతిల ఒక పిల్లగాడు నేను బోర్డు దిక్కు తిరిగినప్పుడల్ల మియావ్ అనేటోడు. మూడు రోజులు సూసిన. నాలుగోనాడు బెత్తం తీసుకొని రెండు దెబ్బలు కొట్టి, ఎందుకు కూస్తున్నవురా అని అడిగిన. వాడు చెయ్యి చంకల పెట్టుకొని, 'ఊకనే సార్' అన్నడు. నాకు ఇంక కోపమొచ్చింది. ఎవడు నేర్పిండు, ఎవని మీద పందెం, నన్ను ఎక్కిరిస్తున్నవా అని ఒక్కొక్కటే అడిగిన. అన్నిటికి అదే జవాబు. ఊకనే సార్.

వాడు చెప్పింది నిజమని నాకు అర్థం కానీకి చాన ఏండ్లు పట్టింది. పిల్లలు చేసే పనులల్ల సగం ఊకనే చేసేటియే. కప్పగంతులు ఏస్తరు, కోతికొమ్మచ్చి ఆడుతరు, వాన రాకుంటే కప్పను కట్టుకొని ఇల్లిల్లు తిరుగుతరు. మనం గుట్ట మీదికి పోయి మొక్కే యాదగిరి నరసింహుడే సగం సింహం. పిల్లి అయినోడు అన్నం ఏళకు మళ్ల మనిషి అయితడు. ఆ ఊకనేకు ఒక అర్థం లేకుంటే మనసున పట్టనిది పెద్దోళ్లకే.

ఇగ నీ ముచ్చటకు వస్త. పొద్దున కూసొని, మనుమరాలి సాయం తీసుకొని, ఈ మాట ఎక్కడ పుట్టిందో ఎతికిన. మిషిగన్ రాష్ట్రంల మిడ్‌లాండ్ అనే ఊరు తగిలింది. 2021 డిసెంబర్ల అక్కడి బడుల బోర్డు మీటింగుల ఒకామె లేచి, మన బడిల ఇట్ల డబ్బా పెట్టిన్రని విన్న అన్నది. చూసిన అనలే, విన్న అన్నది. నెల రోజులకు ఆ బడుల సూపరింటెండెంట్ అటువంటిది ఎన్నడు లేదని రాసి చెప్పిండు. అప్పటికే మాట ఊరు దాటింది. 2022 మార్చిల నెబ్రాస్కా రాష్ట్ర సెనేటర్ బ్రూస్ బోస్టెల్‌మన్ నిండు సభల ఇదే మాట అన్నడు, అదే రోజు తప్పయిందని క్షమాపణ అడిగిండు. ఆ ఏడు ఎన్నికల ముంగట ఎన్‌బీసీ వార్తాసంస్థ లెక్క తీస్తే, కనీసం 20 మంది నాయకులు ఇదే మాట చెప్పుకుంట తిరిగిన్రని తేలింది. 2023 జూన్ల ఇంగ్లండుకు పాకింది. రై కాలేజీ అనే బడిల ఒక పంతులమ్మకు, పిల్లలకు నడిమిట్ల పిల్లి మాట వచ్చిన వాదన రికార్డయి బయటికి వచ్చింది. మా బడిల జంతువును అని చెప్పుకునే పిల్లలు ఎవ్వరు లేరని బడి చెప్పినా దేశమంత అదే లొల్లి.

మీ టెక్సాస్‌ల అయితే 2025 మార్చిల స్టాన్ గెర్డెస్ అనే ప్రతినిధి ఇటువంటియి బడులల్ల ఉండొద్దని ఏకంగ బిల్లే పెట్టిండు. ఏ బడిల జరిగిందయ్యా అని అడిగితే స్మిత్‌విల్ పేరు చెప్పిండు. ఆ బడుల సూపరింటెండెంట్ మా దగ్గర అటువంటి డబ్బాలు లేవన్నది. బిల్లు చట్టం కాకుంటనే పోయింది. నువ్వు పంపిన మెసేజ్ మాత్రం ఇంక తిరుగుతనే ఉన్నది.

ఎతుకుతుంటే ఒక నిజం కూడ దొరికింది బిడ్డా. అది చదివి నేను లేచి కొద్దిసేపు వాకిట్ల నిలబడ్డ. కొలరాడోల జెఫర్సన్ కౌంటీ బడులల్ల పిల్లి మట్టి నిజంగనే ఉన్నది. 2017 నుంచి క్లాసురూములల్ల బకెట్లల్ల పోసి పెడుతున్నరు. తుపాకి పట్టుకొని ఎవడన్న బడిలకు వస్తే పిల్లలు తలుపులు బిడాయించుకొని గంటలకొద్ది లోపల్నే ఉండాలె గదా, అప్పుడు వాళ్లు ఒకటికో రెంటికో పోవాలంటే అక్కరకు వస్తదని. కొలంబైన్ బడి ఆ కౌంటీలనే ఉన్నది. 1999 ఏప్రిల్ 20న ఆ బడిలనే 12 మంది పిల్లలను, ఒక పంతులును కాల్చి చంపిన్రు. మట్టి ఉన్నది, భయం ఉన్నది. ఆ భయం పేరు పిల్లి కాదు.

ఇగ నా తప్పు చెప్త.

2018 ఎండకాలం. పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లలను ఎత్తుకపోతున్నరు, అవయవాలు తీసుకుంటున్నరు అని ఫోన్లల్ల మెసేజీలు. నా దగ్గర చదువుకున్న పిల్లగాడొకడు నాకొక వీడియో పంపిండు. మోటర్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి గల్లీల ఆడుకునే పిల్లగాణ్ణి ఎత్తుకపోతరు. నేను దాన్ని మన ఊరి గ్రూపుల పెట్టిన. 'జాగ్రత్త' అని ఒక మాట రాసిన. ఎందుకు పెట్టిన అని ఇప్పుడు నన్ను నేను అడుక్కుంటే నాకు దొరికే జవాబు, ఆరో తరగతి పిల్లగాడు చెప్పిందే.

మూడోనాడు పగటివేషాలాయన ఊర్లకు వచ్చిండు. ముఖానికి రంగు, నెత్తికి కిరీటం, ఎనుక గుడ్డతోటి చేసిన తోక, హనుమంతుని వేషం. ఆయన తోక పట్టుకునేటందుకు పిల్లలు గుంపుగ ఎంటబడ్డరు. ఎప్పుడు పడేదే. ఆనాడు మాత్రం పెద్దోళ్ల కండ్లకు పిల్లల నడుమ ఎవడో తెల్వని మనిషి ఉన్నడన్నదే కనిపించింది. కరెంటు స్తంభానికి కట్టేసిన్రు. నేను ఉరికిపోయేటాళ్లకు పెదవి పగిలి ముఖం మీది రంగు మీదికెళ్లి నెత్తురు కారుతున్నది, తోక తెగి దుబ్బల పడి ఉన్నది. వదిలిపెట్టున్రి, ఏం తెలుసు మీకు ఈయన సంగతి అని మొత్తుకున్న. ఒక పిల్లగాడు జేబులకెళ్లి ఫోన్ తీసి నా ముంగట పెట్టిండు. 'సార్, మీరు పంపిందే గదా' అన్నడు.

మంచిగనే మాట్లాడిండు బిడ్డా. ఎక్కిరించలే. పంతులు పంపిండంటే నిజమే అనుకున్నడు.

ఊర్ల ఒక ముసలామె కట్టె పట్టుకొని వచ్చి, ఈయన నాయిన కూడ మన వాకిట్లనే ఆడిండు, నేను గింజలు పెట్టిన అని లొల్లి చేసింది. ఆమెతోటే ఆయన బతికిండు. మళ్ల మన ఊరికి రాలే. ఈనాటికి మన ఊరి పిల్లలకు ఇంటి ముంగటికొచ్చే హనుమంతుడు లేడు.

అందరు అట్ల బతుకలే. ఆ ఏడు మే నెలలనే మన పాత జిల్లాల, బీబీనగర్ మండలంల ఒక ఆటో నడిపేటాయనను ఊరోళ్లు కొట్టి చంపిన్రు. రంజాన్ నెలల భిక్షకని పాలమూరు నుంచి హైదరాబాద్ పోయిన ట్రాన్స్‌జెండర్లల్ల ఒకరిని చాంద్రాయణగుట్టల రాళ్లతోటి కొట్టి చంపిన్రు. చచ్చిపోయినోళ్లు పిల్లల్ని ఎత్తుకపోయినోళ్లు కాదు. ఆ గడియల 'ఈయన మావాడు' అనే మనిషి దొరుకనోళ్లు. నేను పంపిన వీడియో సంగతి అటెనుక తెలిసింది. అది కరాచీల తీసింది. పిల్లలను కనిపెట్టుకొని ఉండున్రి అని చెప్పేటందుకు చేసిన ప్రకటన. చివర్ల ఆ మోటర్ సైకిలోళ్లే పిల్లగాణ్ణి తెచ్చి దింపి, రాసిన బోర్డు చూపిస్తరు. ఎవడో ఆ ముక్క కత్తిరించిండు. మిగిలిన ముక్కను నేను పంపిన.

గద్వాల, వనపర్తి దిక్కు మాత్రం వేరే తీరు నడిచింది. ఎండకాలం ఆరుబయట మంచాలేసుకొని పండుకునే జనం పొద్దుగూకంగనే తలుపులు ఏసుకుంటున్నరని ఊర్లకు పోయిన కానిస్టేబుల్ కనిపెట్టి చెప్పిండు. అప్పుడు అక్కడ ఎస్పీగ ఉన్న రెమా రాజేశ్వరి పోలీసోళ్లను ఊరూరికి పంపింది. డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఆ మెసేజీలు అబద్ధమని మనిషి మనిషికి చెప్పించింది. అక్కడ ఒక్క ప్రాణం పోలే. ఆమె అటెనుక మహబూబ్‌నగర్‌కు, మన నల్లగొండకు కూడ ఎస్పీగ వచ్చింది. వాట్సాప్ కంపెనీ జూలైల మన దేశంల ఒక మెసేజ్‌ను ఒక్కసారి అయిదు చాట్ల కన్న ఎక్కువ వాటికి పంపకుంట కట్టు పెడుతమన్నది. నిజానికి గద్వాలల ఆ కానిస్టేబుల్ చేసిన పని చాన చిన్నది. మంచాలు బయట ఎందుకు లేవు అని చూసిండు, పోయి అడిగిండు. అంతే.

ఇంకొక్కటి చెప్పి ఆపుత. మనం తోకాయనను స్తంభానికి కట్టేసి రెండు నెలలు తిరిగిందో లేదో, అదే ఏడు జూలై 30న రాచకొండ పోలీసులు యాదగిరిగుట్టల 11 మంది ఆడపిల్లలను వ్యభిచార కొంపలల్లకెళ్లి బయటికి తీసుకొచ్చిన్రు. నిజంగ అమ్మకానికి పోయిన పిల్లలు. పరాయి గ్యాంగులు రాలే, మోటర్ సైకిళ్లు రాలే. దేవుని దర్శనానికి మనం పోయే ఊర్లనే, మనం నడిచే తొవ్వలనే ఉన్నరు. మనం తెల్వనోళ్ల ముఖాలు ఎతుకుతుంటిమి, తెలిసిన గల్లీ దిక్కు చూడలే. కొలరాడో బకెట్ల మట్టి ముచ్చట చదివినప్పుడు నాకు గుట్ట యాదికొచ్చింది. అబద్ధం మనుషులను కొట్టిస్తది, అది తెలుసు. నిజంగ ఆపదల ఉన్న పిల్లల మీదికెళ్లి మన చూపు కూడ మళ్లిస్తది, అది ఆలస్యంగ తెలిసింది.

అందుకే నీకు చెప్పేది. ఇటువంటి మెసేజ్ వస్తే, అందుల పిల్లకు పేరున్నదా, ఊరున్నదా, తల్లి ఉన్నదా చూడు. ఎవ్వరి బిడ్డ కాని పిల్ల ముచ్చట అయితే అది పిల్లల ముచ్చట కాదు, చెప్పేటోళ్ల భయం. నీకు గుబులు ఆగకుంటే వాళ్ల బడికి పో, పంతులమ్మను అడుగు. రెండు మైళ్లు కూడ లేదంటివి. గ్రూపుల మమ్ముల అడిగితే మాకేం తెలుస్తది, మేము ఏడు సముద్రాల ఇవతల ఉన్నం.

ఇంట్ల ఉన్నోణ్ణి ముందుగాల అడుగు. బెదిరించి కాదు, నేను అడిగినట్టు అసలే కాదు. పక్కన కూసొని, నీ పిల్లి పేరేందిరా అని అడుగు. బడిల ఎవరన్న ఏడిపిస్తున్నరేమో, ఆ టోపీ కింద దాక్కుంటున్నడేమో, అట్లయితే చెప్తడు. అప్పుడు చేసే పని వేరే ఉంటది. ఊకనే అంటే, ఊకనే అనుకో. పిల్లల ఊకనే ఎవ్వరిని కొట్టలే. పెద్దోళ్ల ఊకనే ఏం చేస్తదో నేను స్తంభం కాడ చూసిన.

మీ చిన్నత్త మాట విని దాచిపెట్టి ఉంటే, ఆ టోపీ తీసి వానికి ఇయ్యి. దసరాకు వస్తమంటిరి. మళ్ల పీర్ల పండుగకు వీలయితే వాణ్ణి తీసుకరా, పులి ముంగట పిల్లి ఎట్ల ఎగురుతదో చూద్దాం.

ఈ ఉత్తరం మాత్రం గ్రూపుల పెట్టకు బిడ్డా.

నీ మేలు కోరే
పెద్దనాయన