తక్కెడ ముల్లు

మాఘమాసం దాటాక నిజామాబాద్ జిల్లా ధర్పల్లి వైపు వెళ్తే, ఊరు కనిపించకముందే ఉడుకుతున్న పసుపు వాసన తగులుతుంది. తవ్విన పసుపును ఉడికించి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ములో పోసి తిప్పితే గాని కొమ్ముకు ఆ మెరుపు రాదు. మృగశిరలో విత్తనం పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే దాదాపు తొమ్మిది నెలలు. కళ్ళం దగ్గర ఆగిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు: "దర గిట్టిందా కాకా?" జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "ఏం గిట్టుడు బిడ్డా, కూలీలకే పాయె."

ఈ 'గిట్టు' అనే మాట నన్ను చాలా రోజులుగా వదలడం లేదు. సరిపోవడం, ఒప్పడం దాని ఒక అర్థం. పుట్టినవాడు గిట్టక తప్పదు అన్నప్పుడు అదే మాటకు చావు అని అర్థం. గిట్టుబాటు ధర అని ప్రభుత్వ కాగితాల్లో రాసేవాళ్ళకు ఈ రెండో అర్థం గుర్తుంటుందో లేదో గాని, అప్పు మీద విత్తనం తెచ్చిన ఇంట్లో మాత్రం గుర్తుంటుంది.

ధర అన్న రెండక్షరాలదీ ఇలాంటి కథే. సంస్కృతంలో ధర అంటే భూమి. అన్నిటినీ ధరించేది కనుక ధర, ధరణి. తెలుగులో అవే అక్షరాలు బజారులో పలికే రేటు. నిఘంటువు తెరిస్తే రెండు అర్థాలూ ఒకే చోట కనిపిస్తాయి. రైతు బతుకంతా ఈ రెండింటి మధ్యనే నడుస్తుంది: ఒక ధర నుంచి పంట తీసుకుని ఇంకో ధర కోసం బండి కట్టుకుని పోవడం. మొదటి ధర ఇచ్చేటప్పుడు బేరమాడదు. రెండోది బేరం లేకుండా ఇవ్వదు.

తెలుగువాళ్ళకు ఈ విషయంలో మాటలకు కరువు లేదు. ఖరీదు పారసీ నుంచి వచ్చింది, అక్కడ దానికి కొనడం అని అర్థం. మన దగ్గరికొచ్చి కొన్న సొమ్ముకు పేరైంది. పాత తెలుగులో 'విలుచు' అన్నా కొనడమే. వెల, విలువ పక్కపక్కన పెరిగిన మాటలే అయినా విలువకు గౌరవం దక్కింది, వెల మాత్రం వెలయాలు అన్న మాటలో ఇరుక్కుని తలదించుకుంది. మూల్యం సంగతి మరీ విచిత్రం. ఈమధ్య దాన్ని చేసిన తప్పుకు 'చెల్లించుకోవడానికే' వాడుతున్నాం.

ప్రవచనాల్లో సాధారణంగా వినిపించేది ఏమిటంటే, ధర లౌకికం, వెలకట్టలేనిది దైవికం అని. అమ్మ ప్రేమకు వెల లేదు, గురువు మాటకు వెల లేదు. నిజమే. కానీ ఆ వరసలోనే "అన్నదాత చెమటకు వెల కట్టగలమా?" అని ఒక మాట దొర్లించి చప్పట్లు కొట్టించుకుంటారే, అక్కడ నాకు పేచీ ఉంది. కట్టలేమని దండం పెట్టి, ఆ దండంతోనే సరిపెట్టడం మనకు బాగా అలవాటైంది. ఫలం మీద ఆశ వద్దని గీతలో చెప్పిన మాటను క్వింటాలు పసుపు అమ్ముకోవడానికి వచ్చినవాడికి బోధించడం అంతకంటే ఘోరం. ఆ మాట ఎవరికి వారు చెప్పుకోవాల్సింది. ఎదుటివాడి ఫలాన్ని మన సంచిలో వేసుకుంటూ చెప్పకూడదు.

మరి ధర గురించి శాస్త్రం ఏమంటుంది? మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన జాజలి కథ ఒకటుంది. జాజలి బ్రాహ్మణ తపస్వి. గాలి భోంచేస్తూ మోడులా నిలబడితే, ఒక పిచ్చుకల జంట అతని జడల్లో గూడు కట్టుకుంది. గుడ్లు పెట్టింది. గుడ్లు కదిలిపోతాయేమోనని అతను కదల్లేదు. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయినా, సాయంత్రం తిరిగొస్తాయేమోనని ఆగాడు. చివరికి నెలపాటు చూశాడు. అవి రాలేదు. అప్పుడు, "నాకు ధర్మం సిద్ధించింది" అని భుజాలు చరుచుకున్నాడు. కనిపించని గొంతు ఒకటి పలికింది: నువ్వు తులాధారుడికి సాటి రావు, కాశీకి పోయి చూడు.

తులాధారుడు రుషి కాదు, రాజు కాదు. కొట్టు పెట్టుకున్న కోమటి. సుగంధ ద్రవ్యాలు, వేర్లు, బెరళ్ళు అమ్ముతాడు. జాజలి వెళ్ళేసరికి అంగడిలోనే ఉన్నాడు. లేచి ఎదురొచ్చి, తలలో పిచ్చుకలు పెరిగిన వైనమంతా తనే చెప్పాడు. ఇంతటి ఎరుక నీకెలా వచ్చిందని తపస్వి అడిగితే ఆ వ్యాపారి చెప్పిన సమాధానం సారాంశం ఇంతే: నా తక్కెడ అందరికీ సమానంగా ఉంటుంది, ఎవరినీ మోసగించను, ఎవరికీ కీడు తలపెట్టను. అడవిలో ఏళ్ళ తరబడి నిలబడినా దొరకనిది తక్కెడ ముల్లు నిటారుగా నిలిపినందుకు దొరికిందన్నమాట.

ఆ కథ కాశీలోనే జరగడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. హరిశ్చంద్రుడు భార్యను, తనను బజారులో అమ్ముకున్న ఊరు కూడా అదే. మనిషికి ధర పలికిన వీధీ, మనిషి తక్కెడను ధర్మంగా పట్టుకున్న వీధీ ఒకే ఊళ్ళో ఉన్నాయి.

అన్నట్టు, ఆ తులాధారుడు సేద్యాన్ని మెచ్చుకోలేదు. ఇనుప కర్రు నేలను, నేలలో పురుగుల్ని చీలుస్తుంది కదా అన్నాడు. అంగడిలో కూర్చున్నవాడు ఆ మాట అనగలడు. పొలం గట్టున పుట్టినవాణ్ణి కనుక నేను ఒప్పుకోను. అయినా అతని తక్కెడను మాత్రం తీసుకుంటాను.

ఎందుకంటే నిజామాబాద్ మార్కెట్ యార్డులో తేలాల్సింది అదే. రాశి పోశాక కొమ్ము వేరు, మండ వేరు, చూర వేరు. తేమ ఎంత, కుర్కుమిన్ ఎంత అన్న లెక్క వేరు. లోకంలో సబ్బు చేసినవాడు సబ్బు మీద తన ధర తనే అచ్చు వేసుకుంటాడు. పసుపు పండించినవాడు ఒక్కడే "ఎంతిస్తారు?" అని అడగాల్సి వస్తుంది. దేశంలో 2016 ఏప్రిల్‌లో 21 మార్కెట్లతో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ మొదలైనప్పుడు వాటిలో నిజామాబాద్ కూడా ఉంది. పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా తేల్చుకునే బేరానికి, తెర మీద అందరికీ కనిపించే ధరకు తేడా లేకపోలేదు. అయినా మంచి ధర కోసం లారీ కట్టించుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోయిన రైతులు ఈ జిల్లాలో చాలామంది.

బోధన్ వైపు చెరుకు రైతుకు కనీసం ముందే ఒక అంకె తెలుస్తుంది. 2025-26 సీజన్‌కు 10.25 శాతం చక్కెర రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలని కేంద్రం చెప్పింది. ఏం లాభం, గానుగాడాల్సిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ధర ఉంది, కొనే గేటు లేదు. పసుపుకేమో గేటు ఉంది, కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో దాని పేరే లేదు.

2019లో ఆ కడుపుమంట బయటపడిన తీరు దేశమంతా చూసింది. పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని రోడ్ల మీద కూర్చున్న రైతులు, లోక్‌సభ ఎన్నికల్లో తామే నామినేషన్లు వేశారు. నిజామాబాద్‌లో మొత్తం అభ్యర్థులు 185. అందులో 170 మందికి పైగా రైతులే. ఏప్రిల్ 11న పోలింగ్ బూత్‌లో ఒక్కో ఓటరు ముందు 12 ఓటింగ్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. జనరల్ అభ్యర్థి డిపాజిట్ 25,000 రూపాయలు. ఆరో వంతు ఓట్లు రాకపోతే అవి తిరిగి రావు. రావని వాళ్ళకు తెలుసు. ధర రాని పంట సొమ్ములోంచి తీసి, ధర అన్న ఒక్క మాట వినిపించడానికి కట్టిన సొమ్ము అది. నేను దాన్ని రాజకీయంగా చూడలేను. అగ్నిలో నెయ్యి పోసేటప్పుడు కూడా అది తిరిగి రాదని తెలిసే పోస్తాం.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి సంక్రాంతినాడు మొదలైంది. కార్యాలయం నిజామాబాద్‌లోనే. బోర్డు వేరు, తక్కెడ వేరు. చూద్దాం.

దేవుడి దగ్గర మన లెక్కలూ ఏమంత శుభ్రంగా లేవు. పంట పండితే లింబాద్రి గుట్ట నరసింహస్వామికి ఫలానాది ఇస్తానని మొక్కుతాం. కరెంటు బిల్లు చెల్లిస్తాం, మొక్కు కూడా 'చెల్లిస్తాం'. ఒకటే క్రియ. కానీ కూరగాయలు అమ్మే అవ్వ తూకం అయ్యాక నాలుగు రెబ్బల కరివేపాకు సంచిలో వేస్తుందే, ఆ కొసరుకు మాత్రం క్రియ వేరు: పెడుతుంది. ముందు తూకం సరిగ్గా ఉంటేనే కొసరుకు అందం. తూకంలో కోసి కొసరు పెట్టేవాణ్ణి ఎవరూ దాత అనరు. గుడి హుండీ ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ అవ్వ గుర్తొస్తుంది, కొంచెం సిగ్గేస్తుంది.

బతుకమ్మ పేర్చేటప్పుడు ఆడవాళ్ళు చిటికెడు పసుపులో నీళ్ళు కలిపి గౌరమ్మను చేస్తారు. ఒక్క నిమిషం కిందటి వరకు అది డబ్బాలోని పొడి. వేళ్ళతో ఒత్తి తమలపాకు మీద పెట్టగానే తల్లి. ఆ తర్వాత దాని ధర ఎవరూ అడగరు. నిమజ్జనం అయ్యాక ఆ పసుపునే పుస్తెలకు అద్దుకుంటారు. అది కిందటేడు పసుపు. ఈ ఏటిది అప్పటికింకా ధర్పల్లి చేలల్లో, ఆకుపచ్చని ఆకుల కింద, మట్టిలో ఊరుతూ ఉంటుంది. ఎంత పలుకుతుందో ఆ రోజుకు ఎవరికీ తెలియదు.