అరటితొక్క రంగు

1911లో అమెరికాలోని మసాచుసెట్స్ కోర్టు ఒక ప్రయాణికురాలి పక్షాన నిలిచింది. ఆమెను జార్చిన అరటితొక్క నల్లబడి, ఎండి, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అంటే ప్లాట్‌ఫారం మీద చాలాసేపటి నుంచే పడి ఉందన్నమాట. రైల్వే సిబ్బంది చూసి తీసేయాల్సింది. పదేళ్ల ముందు, 1901లో, అదే రాష్ట్రంలో మరో ప్రయాణికుడు ఓడిపోయాడు. తొక్కను నిమిషం క్రితమే ఎవరో పడేసి ఉండొచ్చని ప్రధాన న్యాయమూర్తి హోమ్స్ తేల్చాడు.

నడుం పట్టుకుని మూలుగుతున్న మనిషి తొక్క రంగు గుర్తుపెట్టుకోవాలా?

నిజం ఎవరికీ తెలియనప్పుడు ఆ తెలియనితనం ఖరీదు ఎవరు చెల్లించాలన్నది ధర్మశాస్త్రాలను ఏనాటి నుంచో వేధిస్తున్న ప్రశ్న. సుమారు 1,800 ఏళ్ల కిందట కూర్చిన యూదుల ధర్మశాస్త్రం మిష్నాలో ఇలా జారిపడ్డ గొడవే ఉంది. నడిదారిలో కుండ పగిలి, ఆ నీళ్లలో ఎవరైనా జారితే కుండ గలవాడిదే బాధ్యత. వెంటనే రబ్బీ యెహూదా అడ్డుపడతాడు: కావాలని చేస్తేనే బాధ్యత, లేకుంటే లేదు. ఎదుటివాడి నుంచి సొమ్ము రాబట్టాలనుకునేవాడే రుజువు చూపాలని మిష్నాను చర్చించే తాల్ముద్ అంటుంది. అందులో న్యాయం ఉంది. ఒట్టి ఆరోపణతో ఎవరి సొమ్మూ లాక్కోకూడదు. కానీ నేల ఎప్పుడు తుడిచారో, ఎవరు తుడిచారో తెలిపే రుజువంతా ఆ ఎదుటివాడి గుప్పిట్లోనే ఉంటే?

1976లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఆ గుప్పిట తెరవమంది. సూపర్‌మార్కెట్లో ఒలికిన పెరుగు మీద ఒకామె జారింది. అది ఎప్పుడు ఒలికిందో ఆమెకేం తెలుసు? తాము జాగ్రత్తగానే ఉన్నామని దుకాణమే చూపాలని ఇద్దరు న్యాయమూర్తులు అన్నారు, మూడో ఆయన ఒప్పుకోలేదు.

కార్మికుడి కష్టం ఇంకా బరువైనది. నేల జారుతోందని తెలిసినా అతడు వెనుదిరిగి పోలేడు. ఇంగ్లండ్‌లోనే ఒక కర్మాగారంలోకి వాన నీరు చొరబడి నూనెతో కలిసింది. యాజమాన్యం రంపపు పొట్టు చల్లించింది, అది నేలంతటికీ చాలలేదు. బరువైన పీపా ఎత్తుతూ ఒక కార్మికుడు జారాడు. చేయగలిగిందంతా చేశారంటూ 1953లో అక్కడి అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ యాజమాన్యాన్ని వదిలేసింది. యజమాని మనస్సాక్షికి అది ఊరట కావచ్చు, దెబ్బతిన్న కాలికి మాత్రం కాదు.

మన దేశంలో 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం యజమాని తప్పు సంగతే అడగలేదు. పని వల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలిందని తేలితే చాలంది. గాయపడ్డవాడు తాగి ఉన్నాడనే వాదనకు అందులో చోటుండేది. తర్వాతి సవరణలతో, ప్రాణమే పోతే, లేదా జీవితాంతం ఏ పనీ చేయలేని స్థితి వస్తే, ఆ వాదన కూడా యజమానిని కాపాడలేకపోయింది.