హరహర నినాదము

 

ప్రభ కదలినపుడు, పల్లకి లేచినపుడు మన కంఠములు తమంతట తామే తెరచుకొనును. ఒకడు “హరహర మహాదేవ” యనగానే వేయిమంది అందుకొందురు. ఖడ్గము పట్టిన వీరభద్ర సేవకుడు “అశ్శరభ శరభ” యనగా పసివారు సైతము గంతులు వేయుదురు. దీనిని నేను తప్పుపట్టను. ఉగాదికి కన్నడసీమనుండి నల్లమల అడవిలో నడచి శ్రీశైలమునకు వచ్చు భక్తులను భీమునికొలను దారిలో చూచినవారికి తెలియును. కాళ్లు బొబ్బలెక్కిన ముదుసలిని పై మెట్టునకు చేర్చునది వెనుకవారి “మల్లయ్యా” యను కేకయే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణమున ఇట్టి యాత్రికుల ఆటపాటలనే వర్ణించెను. సందడి మనకు క్రొత్త కాదు.

అయితే ఆ క్షేత్రముననే శివరాత్రినాడు జరుగు పాగాలంకరణమును స్మరింపుడు. చీరాల ప్రాంతపు నేతగాడొకడు దినమునకొక మూర చొప్పున సంవత్సరమంతయు నేసిన వస్త్రమును తెచ్చును. అర్ధరాత్రి వేళ దీపములన్నియు ఆర్పివేయుదురు. అతడు దిగంబరుడై, చీకటిలో విమాన శిఖరమునుండి ముఖమండపముపైనున్న నందుల వరకు ఆ పాగాను చుట్టును. క్రింద వేల కంఠములు శివనామమును ఘోషించుచుండును. అతని ముఖమును చూచువారు లేరు. మగ్గము ముందు గడచిన 365 దినములలో అతనికి జయమన్నవారును లేరు. మన కేక ఒక్క రాత్రిది. అతని కాయకము ఏడాదిది.

బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచిన బసవేశ్వరునకు స్తుతిపాఠములు తెలియనివి కావు. అయినను ఆయన మనిషిని కాయకముతోను, దాసోహముతోను కొలిచెను. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు బ్రాహ్మణుడైన మధువరసు తన కుమార్తెనిచ్చినందుకు తండ్రులిద్దరికి ఘోరమైన రాజదండన కలిగెనని, శరణులు కల్యాణమును విడిచి చెదరిపోయిరని సంప్రదాయము చెప్పుచున్నది. అంతకు ముందు శరణులకు జయమన్నవారిలో ఆనాడు వారి ప్రక్కన నిలిచినవారెందరు? ఈ ప్రశ్న నన్ను విడువదు.

నేడు మైకు పట్టినవాడు “ఇంకా గట్టిగా!” యని ఆజ్ఞాపించుచున్నాడు. శివునకు చెవుడా? గురువుల జయధ్వానముతో దాతల పేర్లను కూడ కలుపుచున్నారు. మఠముల పెద్దలు దీనిని వారించిన బాగుండును.

ఇతరులనననేల? ఒక యేడు శివరాత్రికి శ్రీశైలము పోయి, గొంతు బొంగురుపోవువరకు అరచి, ఇల్లు చేరి పండుకొంటిని. మరునాడు ప్రొద్దెక్కినను లింగపూజకు లేవలేదు. మా అమ్మ విభూతి పళ్లెము, పత్రి తెచ్చి ప్రక్కన పెట్టి, “నాయనా! కొండమీదివానిని అంతమందితో కలిసి పిలిచివచ్చితివి. మెడలోనున్నవాడు ప్రొద్దుటినుండి నీ అరచేతికొరకు కాచుకొనియున్నాడు” అనెను.

బదులు చెప్పుటకు నాకు గొంతు లేదు. లేచి స్నానమునకు పోతిని.