విన్నది విన్నట్టు చేరవేయడమేనా?

2020 మార్చి నెలాఖరు రోజులను మన ఇళ్లలో ఎవరూ మరచిపోలేదు. లాక్‌డౌన్ మొదలై అప్పటికింకా వారం కాలేదు. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన సమావేశానికి వెళ్లివచ్చినవారిలో ఆరుగురు కరోనాతో మరణించారని తెలంగాణ ప్రభుత్వం మార్చి 30న ప్రకటించింది. ఇక అప్పటి నుంచి టీవీ పెడితే చాలు, అదే వార్త. జబ్బు పడినవారిని రోగులుగా కాక నేరస్తులుగా చూపించారు. 'జిహాద్' అనే పవిత్ర పదాన్ని తెచ్చి వైరస్ పేరుకు తగిలించారు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక వృద్ధ పండ్ల వ్యాపారి పాత వీడియోను, కరోనా అంటించడానికే ఆయన పండ్లకు ఉమ్మి రాస్తున్నాడంటూ దేశమంతా తిప్పారు. తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకునే మన సోదరులను వీధి మొదట్లోనే ఆపి, పేరడిగి వెనక్కి పంపిన ఊళ్లున్నాయి.

తర్వాత ఏం జరిగింది? అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం మర్కజ్‌కు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేసింది. పత్రికల్లోనూ టీవీల్లోనూ వారికి వ్యతిరేకంగా పెద్దయెత్తున ప్రచారం జరిగిందని, వారిని బలిపశువులను చేశారని తీర్పులో పేర్కొంది. మన దేశానికే చెందిన 70 మందిపై నమోదైన కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టివేసింది. అంటే అయిదేళ్లు! మొదటి వార్త ప్రతి ఇంటికీ చేరింది. ఈ తీర్పులు ఎన్ని ఇళ్లకు చేరాయి?

హైదరాబాద్ వారికి ఇది కొత్త కాదు. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో బాంబు పేలినప్పుడు పాతబస్తీ యువకులను ఎందరినో పట్టుకెళ్లారు. విచారణ మొదలు కాకముందే వారి తలమీద ఉగ్రవాది అనే ముద్ర పడింది. తర్వాత నిర్దోషులుగా బయటికి వచ్చినా ఆ ముద్రను చెరపడం ఎవరి తరమూ కాలేదు.

ఈ బాధ నిజమైనది. దీన్ని చెప్పుకోవడం తప్పు కాదు. న్యాయం కోసం పత్రికలకు రాయడం, న్యాయస్థానాల తలుపు తట్టడం మన హక్కు కూడా. కాని సోదర సోదరీమణులారా! ఈ నెల మనం మాట్లాడుకోవలసిన సంగతి మరొకటి ఉంది. హుజురాత్ సూరా ఆరవ ఆయతులో, దుర్మార్గుడెవడైనా ఒక వార్త తెస్తే నిజానిజాలు విచారించి తెలుసుకోండని, తెలియక ఒక వర్గానికి కీడు చేసి ఆ తర్వాత పశ్చాత్తాపపడవలసిన స్థితి తెచ్చుకోవద్దని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఈ ఆజ్ఞ ఎవరిని సంబోధిస్తోంది? విశ్వాసులను. వార్త తెచ్చేవాడు ఎలాంటివాడైనా, విచారించవలసిన బాధ్యత వినేవాడిదని అల్లాహ్ నిర్ణయించాడు. ఆ వినేవాళ్లం మనమే.

దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో ఛానెళ్లు లేవు, ఫోన్లు లేవు. అయినా ఒక్క పుకారు ఆ పట్టణాన్ని దాదాపు నెల రోజులు కుదిపేసింది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగివస్తుండగా హజ్రత్ ఆయిషా (రజి) హారం పోయింది. ఆమె దాన్ని వెదకడానికి వెళ్లారు. ఆమె లోపలే ఉన్నారనుకుని జనం అంబారీని ఒంటెపైకి ఎత్తి బయలుదేరారు. సైన్యం వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను చూసి, తన ఒంటెపై ఎక్కించి, తాను దాని ముక్కుతాడు పట్టుకుని నడుస్తూ తీసుకువచ్చారు. జరిగింది ఇంతే. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్‌కి ఇది చాలింది.

మనం ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. అపనిందను పుట్టించినవాడు కపటి. మోసుకు తిరిగినవారిలో మాత్రం నిజమైన విశ్వాసులు కూడా ఉన్నారు. మిస్తహ్ (రజి) బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారు. హస్సాన్ బిన్ సాబిత్ (రజి) దైవప్రవక్త (స) పక్షాన కవిత్వం చెప్పినవారు. హమ్నా బిన్తె జహష్ (రజి) స్వయానా దైవప్రవక్త (స) మరో సతీమణి జైనబ్ (రజి)కి సోదరి. వీరెవరూ శత్రువులు కారు. విన్నారు, చెప్పారు. అంతే. ఆ సమయంలో జబ్బుపడి ఉన్న ఆయిషా (రజి)కి ఊరంతా తన గురించి ఏమనుకుంటోందో చాలా రోజులదాకా తెలియదు. మిస్తహ్ తల్లి నోట ఆ మాట విన్న తర్వాత ఆమెకు కన్నీళ్లు ఆగలేదు, నిద్ర పట్టలేదు.

చివరికి అల్లాహ్ నూర్ సూరాలో ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించాడు. అందులోనే పదిహేనవ ఆయతులో ముస్లిములను మందలిస్తూ, మీరు ఆ మాటను మీ నాలుకలతో అందుకున్నారన్నాడు. మాటను అందుకోవలసింది చెవి కదా! చెవిలో పడినది బుద్ధి దాకా వెళ్లాలి, అక్కడ తూకం వేయబడాలి, ఆ తర్వాతే నాలుక మీదికి రావాలి. ఆ రోజు చెవినీ బుద్ధినీ దాటేసి నాలుక నుంచి నాలుకకు మాట నడిచింది. మీరు దాన్ని తేలికగా తీసుకున్నారు, అల్లాహ్ వద్ద అది చాలా పెద్ద విషయమని కూడా అదే ఆయతు హెచ్చరించింది. ఈనాడు నాలుక పని బొటనవేలు చేస్తోంది. సందేశం పూర్తిగా చదవకముందే అది మరో పది మందికి వెళ్లిపోతోంది.

అదే మదీనాలో అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇల్లు కూడా ఉంది. జనం ఏమంటున్నారో విన్నారా అని భార్య అడిగితే, విన్నాను, అది అబద్ధం అన్నారాయన. నువ్వైతే అలాంటి పని చేస్తావా అని అడిగారు. అల్లాహ్ సాక్షిగా చేయను అన్నదామె. అయితే ఆయిషా నీకంటే ఉత్తమురాలు కదా అన్నారు. పుకారు ఆ గడప దగ్గర ఆగిపోయింది. ఇక జైనబ్ (రజి) సంగతి చూడండి. సవతి మీద వచ్చిన నింద. సొంత సోదరే దాన్ని ప్రచారం చేస్తోంది. దైవప్రవక్త (స) ఆమె అభిప్రాయం అడిగారు కూడా. నా చెవినీ కంటినీ నేను కాపాడుకుంటాను, ఆయిషాలో మంచి తప్ప మరొకటి నాకు తెలియదన్నారామె.

మన దగ్గరికి వద్దాం. 2018 మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో సందేశాలు, భయంకరమైన ఫోటోలు వచ్చాయి. కొత్తవారు కనబడితే చాలు, గుంపులు కట్టి కొట్టారు. అది పవిత్ర రంజాన్ మాసం. పాతబస్తీ చాంద్రాయణగుట్టలో, ఆ మాసంలో దానం దొరుకుతుందని మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక హిజ్రాను పిల్లలను ఎత్తుకుపోయే మనిషని అనుమానించి జనం కొట్టి చంపేశారు. దానం కోసం వచ్చిన ప్రాణం! జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఇలాగే అయిదుగురు బలయ్యారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఆ సందేశాలు మనలో చాలామంది ఫోన్లకు కూడా వచ్చాయి. మనలో ఎందరం వాటిని అక్కడితో ఆపాం? ఎందుకైనా మంచిదని పంపినవారే ఎక్కువ. 'ఎందుకైనా మంచిది' అన్న ఈ మాట ఎంత కీడు చేసిందో!

ఇతరుల సంగతి చెప్పి మా సంగతి దాచడం న్యాయం కాదు. మా మొహల్లాలో ఒక సోదరుడు చికెన్ షాపు నడుపుతున్నాడు. ఒకరోజు మస్జిద్ వారి గ్రూపులోకి ఒక గొంతు సందేశం వచ్చింది. ఫలానా షాపులో చచ్చిన కోళ్లు అమ్ముతున్నారు, పిల్లలకు పెట్టకండి, ముస్లిం సోదరులందరికీ తెలియజేయండి అని. హలాల్ విషయం కదా, తెలియజేయడం పుణ్యకార్యమనుకుని మేము కూడా దాన్ని బంధువులకు పంపాం. రెండు రోజుల్లో ఆ షాపు ముందు మనిషి లేడు. వారం తర్వాత తెలిసింది, ఆ సందేశం ఎప్పటిదో, ఎక్కడిదో! దాంట్లో చెప్పిన షాపు వేరే ఊళ్లోది. పేర్లు ఒకటే.

మేము ఎందుకు పంపాం? ఆ మాట మాకు కోపం తెప్పించింది, భయం కలిగించింది. ఆ రెండూ ఉన్నచోట విచారణకు ఓపిక ఉండదు. నేటి మాధ్యమాల వ్యాపారం చాలావరకు ఈ బలహీనత మీదే నడుస్తోంది. ఛానెల్‌కు ప్రకటనలు ఇచ్చేవాడు, ఎంతమంది ఎంతసేపు చూశారన్నదే అడుగుతాడు. నలుగురు అరుచుకునే చర్చ దగ్గర మనం రిమోట్ నొక్కకుండా కూర్చుంటాం. రేటింగులను తారుమారు చేశారన్న ఆరోపణలు రావడంతో 2020 అక్టోబరులో వార్తా ఛానెళ్ల రేటింగులనే ఆపవలసి వచ్చింది. అవి మళ్లీ 2022 మార్చిలో గాని మొదలు కాలేదు. ఫోను కూడా అంతే. ఏ వీడియో దగ్గర మన చూపు ఎక్కువసేపు ఆగిందో లెక్కపెట్టుకుని, అలాంటివే మరిన్ని తెచ్చి ముందు పెడుతుంది. కోపం కోరినవాడికి కోపం, వెకిలితనం కోరినవాడికి వెకిలితనం. ఇషా చదివి పడుకుంటూ అయిదు నిమిషాలు చూద్దామని తెరిచినది అర్ధరాత్రి దాటేదాకా వదలదు. ఫజర్ అజాన్ ఎవరికి వినబడుతుంది? వినబడి లేచినా, నమాజులో ఇమామ్ ఏ సూరా పఠించారో గుర్తుండదు, రాత్రి చూసిన ముఖాలు గుర్తుంటాయి. బనీ ఇస్రాయీల్ సూరా ముప్పై ఆరవ ఆయతులో, నీకు తెలియని దాని వెంటపడకు, చెవి, కన్ను, హృదయం వీటన్నింటినీ గురించి ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరిక ఉంది. మన చూపు మన సొత్తు కాదు, అమానతు. దాన్ని ఎవరెవరికో గంటలకొద్దీ అద్దెకిస్తున్నాం. అద్దె డబ్బులు కూడా మనకు రావు.

ధర్మం పేరుతో వచ్చే సందేశాల విషయంలో మన అజాగ్రత్త ఇంకా ఎక్కువ. మదీనాలో దైవప్రవక్త (స) సమాధి సేవకుడు షేఖ్ అహ్మద్‌కు కల వచ్చిందని, దీన్ని ఇన్ని కాపీలు తీసి పంచితే లాభం, పంచకపోతే నష్టమని ఒక కాగితం మన పెద్దల కాలం నుంచి తిరుగుతోంది. అది అబద్ధమని సౌదీ ధర్మవేత్త షేఖ్ బిన్ బాజ్ ప్రత్యేకంగా ప్రకటన రాశారు. జిరాక్సు కాగితం పోయింది, కల మాత్రం ఫోన్లోకి వచ్చి కూర్చుంది. ఫలానా మాసం వచ్చిందని మొదట చెప్పినవారికి నరకం నిషిద్ధమంటూ ప్రతి ఏటా వచ్చే 'హదీసు'కు ఏ గ్రంథంలో ఆధారం ఉందో పంపినవారిని అడిగి చూడండి. ఆయన తనకు పంపినవారిని చూపిస్తాడు. దైవప్రవక్త (స) అనని మాటను బుద్ధిపూర్వకంగా ఆయనకు అంటగట్టేవాని నివాసం నరకమన్నది ఎంతోమంది సహాబాలు ఉల్లేఖించిన హెచ్చరిక. విన్నదల్లా చెప్పేయడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి సరిపోతుందన్న భావం గల హదీసును ఇమామ్ ముస్లిం తన గ్రంథం ఉపోద్ఘాతంలోనే నమోదు చేశారు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసును దాన్ని స్వయంగా విన్న వ్యక్తి నోటనే వినడం కోసం నెల రోజులు ప్రయాణించి సిరియా వెళ్లారు. ఆ సముదాయం వారసులం మనం!

ప్రతి వార్తకూ నెల రోజుల ప్రయాణం అక్కర్లేదు. దైవప్రవక్త (స) తన సతీమణులకు తలాఖ్ ఇచ్చారన్న మాట ఒకసారి మదీనాలో వ్యాపించింది. హజ్రత్ ఉమర్ (రజి) మస్జిద్‌కు వచ్చేసరికి జనం దిగులుగా కూర్చుని ఉన్నారు. ఆయన వారి మధ్య కూర్చుని చర్చించలేదు. అనుమతి అడిగి నేరుగా దైవప్రవక్త (స) వద్దకు వెళ్లి, నిజమేనా అని అడిగారు. లేదన్నారు. ఉమర్ (రజి) తిరిగి వచ్చి మస్జిద్ ద్వారం వద్ద నిలబడి ఆ విషయాన్ని బిగ్గరగా ప్రకటించారు. అడగవలసిన మనిషిని అడగడం, తెలిసినదాన్ని అందరికీ చెప్పడం. మా మొహల్లా షాపు మస్జిద్‌కు రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు. మాలో ఒక్కరమైనా వెళ్లి అడగలేదు.

నూర్ సూరాలోనే, అపనింద వేసినవారిలో తౌబా చేసుకుని తమను సంస్కరించుకున్నవారికి మినహాయింపు ఉంది. తాను చెప్పింది అబద్ధమని తానే ఒప్పుకుంటేనే ఆ తౌబా పూర్తవుతుందని పలువురు ధర్మవేత్తలు వివరించారు. అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుని, మనిషికి చేసిన నష్టాన్ని అలాగే వదిలేస్తే సరిపోదు. అందుకని ఆ సందేశం తప్పని, ఆ సోదరుడికి దానితో సంబంధం లేదని అదే గ్రూపులో, మేము పంపిన ప్రతి బంధువుకూ మళ్లీ పంపాం. జుమా తర్వాత నలుగురం కలిసి షాపుకు వెళ్లాం. ఆయన కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. బేరం పోయినందుకు బాధలేదన్నాడు. "మీరు సలాం కూడా మానేశారు కదా భాయ్, అదే కష్టమైంది" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. మాఫ్ చేయమన్నాం. చేశానన్నాడు. తప్పని చెబుతూ మేము పంపిన ఆ రెండో సందేశాన్ని ఇతరులకు పంపినవారు మాకు తెలిసినంతవరకు ఇద్దరే. అందుకే ఇంకా, ఎవరైనా బంధువు ఇంటికి వెళ్లినప్పుడు, ఆ షాపు మాట ఎత్తి స్వయంగా చెప్పివస్తున్నాం.