నీతిమంతుని వేదన - దేవుని మౌనం

1755 నవంబర్ 1వ తేదీ. క్రైస్తవ లోకం సకల పరిశుద్ధులనూ స్మరించుకునే పర్వదినం. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఉదయపు ఆరాధనకు వచ్చిన జనంతో చర్చిలు కిక్కిరిసి ఉన్న వేళ భూమి కంపించింది. కప్పులు కూలి ప్రార్థిస్తున్న వారి మీద పడ్డాయి. ప్రాణభయంతో నదీతీరానికి పరుగెత్తిన వారిని ఉప్పెన ముంచెత్తింది. ఆ వెనుకనే చెలరేగిన మంటలు నగరాన్ని రోజుల తరబడి దహించాయి. సాధ్యమైన లోకాలన్నిటిలోనూ దేవుడు సృష్టించిన ఈ లోకమే ఉత్తమమైనదని జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1710లో ప్రతిపాదించాడు. లిస్బన్ విపత్తుపై మరుసటి ఏడాది కావ్యం వెలువరించిన వోల్టేర్, 1759లో 'కాండీడ్' నవలలో ఆ సిద్ధాంతాన్ని తీవ్రంగా ఎద్దేవా చేశాడు.

ప్రశ్న అంతకంటె పురాతనమైనది. దేవుడు మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే దుఃఖం ఎక్కడిది? తొలగించగలిగీ తొలగించకపోతే మంచివాడెలా అవుతాడు? తొలగించదలచీ తొలగించలేకపోతే సర్వశక్తిమంతుడెలా అవుతాడు? భారతీయ తత్త్వచింతనకూ ఈ శంక కొత్తది కాదు. ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయ అనే దోషాలు అంటుతాయా అన్న చర్చ బ్రహ్మసూత్రాలలోనే ఉంది. జీవుల కర్మను అనుసరించి ఫలమిస్తాడు గనుక అంటవని వేదాంతుల సమాధానం. పూర్వజన్మను అంగీకరించని క్రైస్తవానికి ఆ మార్గం లేదు. పుట్టుగుడ్డి అయిన ఒక మనిషిని చూపి, ఇది ఇతని పాపమా, ఇతని తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగినప్పుడు క్రీస్తు రెండింటినీ కాదన్నాడని యోహాను సువార్త చెబుతున్నది. బాధపడేవాడు దోషి అయి ఉండాలనే నిర్ణయాన్ని క్రీస్తు అక్కడ తోసిపుచ్చాడు.

క్రైస్తవ చింతకులు వేరు దారులు వెదికారు. చెడు అనేది స్వతంత్ర పదార్థం కాదు, మంచి లోపించడమేననీ, మానవుడు తన స్వేచ్ఛను దుర్వినియోగం చేయడం వల్ల అది ప్రవేశించిందనీ అగస్టీన్ వివరించాడు. యుద్ధాలకూ దోపిడీకీ ఈ సమాధానం కొంత వర్తిస్తుంది. భూకంపానికి అంత సులువుగా వర్తించదు. మానవుడు అపరిపక్వుడుగా సృష్టింపబడి క్రమంగా పరిణతి చెందవలసినవాడని రెండవ శతాబ్దికి చెందిన ఐరేనియస్ భావించాడు. ఈ భావన నుండే కష్టాలు ఆత్మను తీర్చిదిద్దుతాయనే వాదం తరువాతి కాలంలో బలపడింది. కాని ఎదగక ముందే రాలిపోయిన పసిబిడ్డకు ఆ కష్టం ఏ పాఠం నేర్పినట్లు? దోస్తోయెవ్‌స్కీ 1880లో పూర్తి చేసిన 'కరమజోవ్ సోదరులు' నవలలో ఇవాన్ లేవనెత్తిన అభ్యంతరం ఇదే. ఒక్క పసివాని కన్నీటిపై నిర్మించిన సామరస్యం తనకు వద్దంటాడతడు.

బాధకు ఒక ప్రయోజనం ఉందన్న మాటకు వైద్యరంగం నుండి గట్టి సాక్ష్యం లభించింది. తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరి కుష్ఠురోగుల సేవకు పూనుకున్నాడు. వారి వేళ్లు, పాదాలు శిథిలం కావడానికి ప్రధాన కారణం స్పర్శజ్ఞానం నశించడమేనని ఆయన పరిశీలనలో తేలింది. నొప్పి తెలియనందువల్ల కాలినా, కోసుకున్నా చెయ్యి వెనక్కు తీసుకోరు. నొప్పి శరీరానికి కావలివాడన్నమాట. అయితే నొప్పి విలువను అంతగా గ్రహించిన ఆ వైద్యుడే, వంకరపోయిన వేళ్లను తిరిగి కదిలించే శస్త్రచికిత్సలకు తన జీవితాన్ని ధారపోశాడు. ప్రయోజనం ఉన్నదని బాధను బాధగానే వదిలివేయడం ఆయనకు సమ్మతం కాలేదు.

వివరణకూ అనుభవానికీ మధ్యనున్న దూరం ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ జీవితంలో స్పష్టమవుతుంది. 1940లో ఆయన బాధ అనే సమస్యపై తర్కబద్ధమైన గ్రంథం రచించాడు. 1960లో భార్య క్యాన్సర్‌తో మరణించింది. మరుసటి సంవత్సరం మారుపేరుతో వెలువరించిన చిన్న పుస్తకంలో, తలుపు మూసి గడియ వేసుకున్న దేవుని ఎదుట నిలిచిన మనిషి ఆక్రోశం వినిపిస్తుంది. మొదటి పుస్తకం అసత్యమని కాదు. తర్కం చేరుకోలేని చోటు ఒకటి ఉందని రెండవది తెలుపుతుంది.

ఈ దూరాన్ని బైబిలులోని యోబు గ్రంథం ఏనాడో గుర్తించింది. సంపదను, సంతానాన్ని, ఆరోగ్యాన్ని కోల్పోయి బూడిదలో కూర్చున్న యోబు వద్దకు ముగ్గురు మిత్రులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మేలు అంతే. నోరు విప్పింది మొదలు దేవుని న్యాయాన్ని సమర్థించే ఆత్రంలో యోబును పాపిగా నిలబెట్టసాగారు. చివరకు సుడిగాలిలోనుండి మాట్లాడిన దేవుడు యోబుకు కారణం చెప్పలేదు. సృష్టి వైశాల్యాన్ని మాత్రం చూపాడు. అయితే తన గురించి యుక్తంగా పలికినవాడు నిలదీసిన యోబేననీ, తన పక్షాన వాదించిన మిత్రులు కాదనీ తీర్పు చెప్పాడు. భక్తిగ్రంథం ఫిర్యాదుకు ఇంతటి గౌరవం ఇవ్వడం గమనార్హం.

క్రైస్తవ విశ్వాసం ఇక్కడినుండి మరొక అడుగు వేస్తుంది. సిలువపై వేలాడుతున్న క్రీస్తు, దేవుడు తనను ఎందుకు విడనాడాడని 22వ కీర్తనలోని ఆర్తనాదాన్నే పలికాడు. దానికి ఆకాశంనుండి ఉత్తరం రాలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో యుద్ధఖైదీగా గడిపిన జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్ 1972లో ప్రచురించిన 'సిలువ వేయబడిన దేవుడు' అనే గ్రంథంలో ఈ ఘట్టాన్నే కేంద్రంగా చేసుకున్నాడు. దేవుడు వేదనను దూరంనుండి తిలకించే సాక్షి కాడు, అందులో పాలుపంచుకున్నవాడని ఆయన ప్రతిపాదన. పునరుత్థానం మరణానిది చివరిమాట కాదనే ఆశ. అయితే ఆశ వేరు, వివరణ వేరు. తోడు బాధపడే దేవుడు ఆ బాధను ఆపలేదేమని అడిగేవారి ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది.

వేరొక ప్రమాదమూ ఉంది. మనిషి చేసిన అన్యాయాన్ని దైవసంకల్పంగా చెప్పి ఓర్చుకోమనడం. క్రైస్తవ కుటుంబంలో పుట్టి కులవివక్షను చవిచూసిన గుర్రం జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలం'లో, ఆకలిగొన్న నిరుపేద అస్పృశ్యుడు గబ్బిలంతో తన గోడును శివునికి పంపుకుంటాడు. ఆలయంలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఆ గోడు దేవునికి విన్నవించినదే అయినా జవాబు చెప్పవలసినది సంఘం. ఇక్కడ బాధకు మూలం అజ్ఞాతం కాదు, తలుపు మూసిన చేతులు ఎవరివో తెలుసు. మతం మార్చుకున్నా కులం వెంటాడిన చోట చర్చి కూడా ఆ జవాబుదారీనుండి తప్పించుకోలేదు.

మంచివాడైన దేవుడు బాధను ఎందుకు అనుమతిస్తాడన్న ప్రశ్నకు క్రైస్తవం సంపూర్ణమైన సమాధానం ఇచ్చిందనలేము. తత్త్వవేత్తకు కొన్ని పాక్షిక కారణాలు చూపింది, బాధితునికి ప్రశ్నించే హక్కును ఇచ్చింది. పక్కనున్న వానికి మాత్రం ఒక విధిని నిర్ణయించింది. పరుని వేదనకు కారణం వెదకి చెప్పడం అతని పని కాదు. యోబు మిత్రులు ఆ ఏడు రోజులూ చేసినట్లు ముందు అతని పక్కన నేలమీద కూర్చోవాలి. ఆపైన తొలగించగలిగిన బాధను తొలగించడానికి చేయి చాచాలి.